రాడ్1 ఈస్ట్ యూవీకి చావడం లేదంటే ముందు ట్యూబ్‌లైట్ ఆర్పి చూడండి

రాడ్1 జన్యువు పనిచేయని ఈస్ట్ రకానికి (రాడ్1 మ్యుటెంట్) యూవీ ఇస్తే ప్లేట్ల మీద ఒకరోజు కాలనీలే రావడం లేదని, మరోరోజు బోలెడు వస్తున్నాయని, రాడ్52 మ్యుటెంట్ అయితే యూవీకి అంతగా చావడం లేదని రాశారు. స్ట్రెయిన్ పాడైందని టెన్షన్ పడకండి. నా అనుమానమంతా మీ ల్యాబ్ ట్యూబ్‌లైట్ మీదే.

యూవీ తగిలితే డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దెబ్బతిన్న ఆ ముక్కను కత్తిరించి తీసే పనిలో రాడ్1 ప్రొటీన్ ఉంటుంది. అది లేకపోయినా బేకరీ ఈస్ట్‌లో ఫోటోలయేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. నీలి వెలుతురు దొరికితే చాలు, ముక్క కోయకుండానే అతుకును విప్పేస్తుంది. వెలుతురు వల్ల ఇలా కోలుకోవడాన్ని 1949లోనే ఆల్బర్ట్ కెల్నర్ అనే శాస్త్రవేత్త స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా బీజాల్లో చూపించారు. మీ ప్లేట్లు ట్యూబ్‌లైట్ కింద బల్ల మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎక్కువ కణాలు బతికిపోతున్నాయన్నమాట.

కాబట్టి గదిలో పసుపు లైటు ఒక్కటే ఉంచి యూవీ ఇవ్వండి. ఇవ్వగానే ప్లేట్లను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టేయండి. రెండు మూడు రోజుల దాకా విప్పొద్దు. అన్నట్టు, యూవీ ఇచ్చేటప్పుడు మూత తీస్తున్నారు కదా? 254 నానోమీటర్ల కిరణాలు ప్లాస్టిక్ మూతను దాటవు. ఎమ్మెస్సీలో నాకు వారం రోజుల పని అలాగే పోయింది.

ఇక రాడ్52 యూవీకి అంతగా చావకపోవడం తప్పు కాదు. అది ముఖ్యంగా డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు అతికే జన్యువు. దాని బలహీనత బయటపడాలంటే ఎక్స్‌రేలు కావాలి, లేదా ఎమ్‌ఎమ్‌ఎస్ (డీఎన్‌ఏను దెబ్బతీసే రసాయనం) కలిపిన ప్లేట్లు వాడండి. పోల్చి చూసుకోవడానికి పక్కన మామూలు స్ట్రెయిన్ కూడా తప్పకుండా వేయండి.