కళా నిర్వహణలో పీజీ: లండన్ వెళ్లాలి, కానీ ఈ ఏడాది కాదు

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ ఏడాదే బీకాం పూర్తి చేసింది. వాళ్ల గురువుగారి వార్షికోత్సవానికి హాలు మాట్లాడటం, విరాళాలు, లెక్కలు అన్నీ తనే చూస్తుంది. లండన్‌లో ఆర్ట్స్ అండ్ కల్చరల్ మేనేజ్‌మెంట్ పీజీ చేస్తానంటోంది. అందుకు ఇల్లు తనఖా పెట్టాలి. ఎంబీఏ చేయమంటే వినడం లేదు. ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉంటాయి. అయినా ఇల్లు తనఖా పెట్టకండి, ఈ ఏడాది పంపకండి. అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే. తొందరపడితే నష్టపోయేది తనే.

మీది నాటకాల ఊరు కాబట్టి ఈ వృత్తి మీకు కొత్త కాదు. పద్యనాటకాలు వెలిగిన రోజుల్లో నటులను కుదిర్చి, తేదీలు ఖాయం చేసి, టిక్కెట్లు అమ్మించి, తెల్లవారేసరికి అందరికీ డబ్బులు సర్దిన కాంట్రాక్టర్లు చేసింది ఇదే పని. నాటక పరిషత్తు పోటీలు నడిపే కార్యదర్శులు నేటికీ చేస్తున్నదీ ఇదే. ఇప్పుడు దీనికి కళాకారులతో ఒప్పందాలు, సంగీత హక్కుల అనుమతులు, జీఎస్టీ, దాతలకు నివేదికలు తోడయ్యాయి. విశ్వవిద్యాలయాల్లో నేర్పేవి కూడా ఇవే: నిధుల సేకరణ, బడ్జెట్లు, సాంస్కృతిక విధానం, ప్రేక్షకులను పెంచుకోవడం, చట్టాలు.

మన కళాసంస్థల్లో ప్రతిభకు కొదవ లేదు. లెక్కలు రాసేవాళ్లు లేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. దేనికి ఖర్చు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు, చేతివృత్తులు, వారసత్వ పరిరక్షణ స్పష్టంగా ఉన్నాయి. కానీ ఆ డబ్బు అందుకోవాలంటే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ నుంచి పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ గుర్తింపు ఉండాలి, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి, ఆడిట్ అయిన ఖాతాలు చూపించాలి. ఎన్నో నాట్య పాఠశాలలు ఈ గడప దగ్గరే ఆగిపోతున్నాయి. అడుగులూ తెలిసి, ఆడిటూ తెలిసిన మనిషి వాళ్లకు ఎంత అవసరమో మీరే ఊహించండి. బీకాం వల్ల మీ అమ్మాయి వెనకబడలేదు, నలుగురికన్నా ముందుంది.

మరి ఎందుకు ఆగమంటున్నాను? బ్రిటన్‌లో ఈ పీజీ ఒక్క ఏడాదే. గోల్డ్‌స్మిత్స్, కింగ్స్ కాలేజీ లండన్ వంటి చోట్ల చదువు మంచిదే. అయితే తరగతిలో పక్కన కూర్చునేవారిలో చాలామంది థియేటర్లలో, మ్యూజియంలలో పనిచేసి వచ్చినవారు ఉంటారు. అనుభవం లేకుండా వెళితే ఆ చర్చల్లో సగం చేజారిపోతుంది. పైగా చదువు తరువాత అక్కడ ఉండేందుకు ఇచ్చే వీసా గడువు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. ఆ తరువాత ఉద్యోగ వీసాకు చూపించాల్సిన జీతాన్ని కళాసంస్థల్లోని తొలి ఉద్యోగాలు అందుకోవడం కష్టం. ఇల్లు పెట్టి తెచ్చిన అప్పును ఆ జీతంతో తీర్చడం ఇంకా కష్టం.

అనుభవం ఉంటే అప్పు లేకుండానే వెళ్లే దారులున్నాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్పుకు 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. స్వచ్ఛందంగా చేసిన పని గంటలూ లెక్కలోకి వస్తాయి. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు. అమెరికా వెళ్లాలనుకుంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్పు ఇచ్చే రంగాల్లో కళా, సాంస్కృతిక నిర్వహణ ఒకటి. దానికి కనీసం మూడేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది: మూడేళ్ల డిగ్రీ ఒక్కటే చాలదు, దాని మీద ఇక్కడి పీజీ గానీ, పూర్తికాల పీజీ డిప్లొమా గానీ ఉండాలి. యేల్ విశ్వవిద్యాలయం నాటక విభాగంలో థియేటర్ నిర్వహణ కోర్సు ఉంది. అక్కడ 2021 నుంచి ట్యూషన్ ఫీజే లేదు. సీట్లు మాత్రం చాలా తక్కువ. కాస్త దగ్గరగా కావాలంటే సింగపూర్‌లోని లాసాల్ కళాశాలలో ఆర్ట్స్ అండ్ కల్చరల్ లీడర్‌షిప్ పీజీ ఉంది.

కాబట్టి రాబోయే రెండు మూడేళ్లు ఇక్కడే పని చేయనివ్వండి. బెంగళూరులో కళలకు గ్రాంట్లు ఇచ్చే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, రంగశంకర నాటకశాల. ముంబైలో జాతీయ ప్రదర్శన కళల కేంద్రం (ఎన్‌సీపీఏ), పృథ్వీ థియేటర్. కొచ్చి బినాలే కళా ప్రదర్శన, గోవా సెరెండిపిటీ కళల ఉత్సవం. వీటిలో ఎక్కడైనా ఇంటర్న్‌గా చేరినా చాలు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల జీతంతో పోల్చి ఇంట్లో మాట్లాడకండి, తక్కువే ఉంటుంది. ముందు పీజీయే కావాలని పట్టుబడితే వారసత్వ నిర్వహణకు అహ్మదాబాద్ విశ్వవిద్యాలయం, మ్యూజియాలజీకి (మ్యూజియంల నిర్వహణ శాస్త్రం) బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎంబీఏ సంగతి అంటారా, మనసు లేని చదువు మీద రెండేళ్లు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

ఈలోగా తను చేయగలిగిన పని ఒకటి చెబుతాను. గురువుగారి గత వార్షికోత్సవం జమాఖర్చులన్నీ ఒక పద్ధతిలో రాయమనండి. ఎంత వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, మృదంగం, నట్టువాంగం, వయొలిన్ కళాకారులకు ఎంత ఇచ్చారు, ఎందరు చూడటానికి వచ్చారు, వారిలో విద్యార్థుల తల్లిదండ్రులు కానివారెందరు. దాని ఆధారంగా వచ్చే ఏడాది కార్యక్రమానికి ఒక ప్రతిపాదన తయారుచేసి, గుంటూరు, విజయవాడల్లోని కంపెనీల దగ్గరికి స్వయంగా తీసుకువెళ్లమనండి. ఒక్కరు ఒప్పుకున్నా, అందరూ కాదన్నా, వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ రాసి పెట్టుకోవాలి. స్కాలర్‌షిప్పు వ్యాసంలోనూ ఇంటర్వ్యూలోనూ తను చెప్పాల్సింది వాటి గురించే. చీవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఏటా ఆగస్టులో మొదలవుతాయి. పని గంటలు మాత్రం ఈ వారం నుంచే తేదీలతో సహా రాసుకోమనండి, గురువుగారితో సంతకం చేయించి ఉంచుకోమనండి.