అద్దం ముందు: చెల్లెల్ని సావిత్రిని చేసేదెట్ల?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను ప్రొద్దుటూరులో చిన్న బ్యూటీపార్లర్ పెట్టుకున్నా. మా చెల్లెలు డిగ్రీ చదువుతోంది. వాళ్ళ కాలేజీ వార్షికోత్సవంలో పాత సినిమా తారల వేషాల పోటీ ఉంది. ముఖం, మెడ, చేతులు అంతా బాడీ పెయింట్ వేసి, బ్లాక్ అండ్ వైట్ తెర మీంచి దిగొచ్చినట్టు దాన్ని ‘మాయాబజార్’ సావిత్రిని చేయాలని నా ఆశ. ఇంట్లో రెండుసార్లు వేసి చూశా. ఒకసారి శవం మాదిరి వచ్చింది, ఇంకోసారి వినాయకచవితి మట్టిబొమ్మ మాదిరి. పైగా దానిది కోలముఖం. ఏం చేసేది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది తల్లీ, కోప్పడొద్దు. ఆ రెండు తప్పులూ నేనూ చేసినవే.

శవం సంగతి ముందు చూద్దాం. తెలుపు, నలుపు రెండే కలిపినావు కదా? ఆ రెండూ కలిస్తే వచ్చే బూడిదలో నీలిఛాయ ఉంటుంది. మనిషి ఒంటి మీద నీలం కనబడితే ఊపిరి పోయినట్టే. కలిపేటప్పుడు చిటికెడు ముదురు గోధుమరంగు వెయ్, ఆ నీలం అణిగిపోతుంది.

ఇక మట్టిబొమ్మ. నుదుటి నుంచి గొంతుదాకా ఒకే బూడిద, గోడకు సున్నం కొట్టినట్టు కొట్టింటావు. పాత సినిమా స్టిల్ ఒకటి ముందర పెట్టుకొని, కండ్లు చికిలించి చూడు. ముక్కు దూలం దాదాపు తెలుపు. చెంప ఒక వన్నె తక్కువ. దవడ కింద ఇంకా చీకటి. కనీసం అయిదు వన్నెలు కలుపుకో. నేను పాత ఇడ్లీ ప్లేటు గుంతల్లో కలుపుతా, లేతది ఒక కొసకు, ముదురుది ఇంకో కొసకు. (ఇంట్లో అడిగి తీసుకో. నేను అడగలేదు, ఆ కథ వేరే.) 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతిలోని బొమ్మ వద్దు, 1957 నాటి నలుపు తెలుపు స్టిలే తీసుకో. మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో పెట్టిన వెలుగునీడలు అందులోనే సరిగ్గా దొరుకుతాయి.

కోలముఖం గురించి భయపడొద్దు. లేతరంగు ముందుకొస్తుంది, ముదురురంగు వెనక్కి పోతుంది. ఇదొక్కటే కిటుకు. నుదుటి పైన జుట్టు మొదట్లో, గడ్డం కొసన ముదురు వన్నె వెయ్, పొడవు తగ్గుతుంది. చెంపల పక్కలకు లేతది లాగు, వెడల్పు వస్తుంది. ముదురుకూ లేతకూ మధ్య గీత కనబడకుండా తడి స్పాంజితో తట్టు, రుద్దొద్దు. కనుబొమలు ఒత్తుగా, విల్లు మాదిరి. కాటుక కంటి కొసను దాటి కొంచెం బయటికి పోవాల. పెదవికి నల్లరంగు పూస్తే దయ్యం వేషమైతాది, ముదురు బూడిద చాలు.

ప్రతి అయిదు నిమిషాలకూ మొబైల్‌లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. రంగు ఫొటోకూ దానికీ తేడా ఏమీ తెలియకపోతే నీ పని కుదిరినట్టు. తేడా తెలిసిన చోట చర్మం తొంగి చూస్తోందన్నమాట.

చర్మం ఎక్కడెక్కడ తొంగి చూస్తుందో నాకు బాగా తెలుసు. చాలా ఏండ్ల కిందట జమ్మలమడుగులో ఒక పిల్లోనికి ఎస్వీ రంగారావు వేషం కట్టినా. మీసం, కిరీటం, గదా అన్నీ కుదిరినాయి. ఫొటోలు వచ్చినాక చూస్తే బూడిదరంగు తలకు రెండు గోధుమరంగు చెవులు! వాళ్ళమ్మ చూసి, “చెవులు మావోనివే, ముఖమే ఎవరిదో” అనింది. అప్పటినుంచి చెవులతోనే మొదలుపెడతా. చెవుల వెనక, మెడ వెనక, వేళ్ళ సందులు మర్చిపోవద్దు. మీ చెల్లెలు గోరింటాకు పెట్టుకోనుంటే గోళ్ళు ఎర్రగా మెరుస్తాయి, వాటికీ రంగెయ్. జడలో కనకాంబరాలు వద్దు, మల్లెలే. బంగారు నగలు తీసి వెండివి పెట్టు. బొట్టు నలుపు. చీర తెలుపూ బూడిదా కలిసినది చూసుకో. ఎర్రచీర ఫొటోలో బూడిదగా వస్తుంది గానీ స్టేజీ మీద ఎర్రగానే ఉంటుంది. ఇక బూడిద ముఖంలో ఎట్లాంటి తెల్లపళ్ళయినా పసుపుగా కనిపిస్తాయి, చిగుళ్ళు ఎర్రగా. కాబట్టి పెదవులు మూసి నవ్వమను.

స్టేజీ మీద ట్యూబ్‌లైట్ల వరసైతే నీ కష్టమంతా చప్పగా పోతుంది. ఒక్క ఫోకస్ లైటు కొంచెం పైనుంచి, ఒక పక్కగా వేయించుకో.

ఇంతా చేసినాక ఒక మాట. ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు కదా. అక్కడ సావిత్రమ్మకు కొత్త ముఖం పెట్టలేదు. అదే ముఖం, అవే కండ్లు. ఆ నడక, ఆ భుజాలు, చూపులో మగరాయుని ధీమా, వాటితోనే లోపల రంగారావు ఉన్నాడని మనం నమ్మినాం. నువ్వు చేస్తున్నది దానికి తిరగేసి. రంగుకు మూడు గంటలు పెడితే, అద్దం ముందర మీ చెల్లెల్ని నిలబెట్టి తల వంపు, చూపు నేర్పేదానికి మూడు దినాలు పెట్టు. మాయాశశిరేఖనే చేయించు, అమాయకంగా ఉండి ఉండి ఒక్కసారి భుజాలు విరిస్తే చప్పట్లు పడతాయి. ఎంతైనా మన సీమవాళ్ళ సినిమా. తీసిన కేవీ రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది మన కడప జిల్లానే.

రంగులు మాత్రం ఒంటికి పూసుకునేందుకు చేసినవే కొను, నీళ్ళతో కరిగే బిళ్ళలు మేలు. ఒకదినం ముందు మోచేతి మడతలో కొంచెం పూసి చూడు. మంట, దురద ఉంటే ఆ రంగు పారెయ్. మా తాత వీధినాటకాల్లో అర్దళం పూసుకునేవాడు. పెట్రోమాక్స్ వెలుతురులో పచ్చగా మెరిసేదట. అది పాషాణం కలిసిన రాయని ఆయనకెవరూ చెప్పలేదు. మన ఎండలకు చెమట పట్టి రంగు కారుతుంది, అందుకని పలచగా వేసి ఆరనిచ్చి, పైన పౌడర్ అద్ది, కూలర్ ముందర కూర్చోబెట్టు. అయిపోయినాక గోరువెచ్చని నీళ్ళు, సబ్బు. జుట్టు మొదట్లో నలుపు వదలకపోతే కొబ్బరినూనె.

ప్రశ్న: మా బాబుకు స్కూల్లో పులివేషం. ఇంట్లో అక్రిలిక్ రంగులు మిగిలి ఉన్నాయి. వాడొచ్చా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: వద్దమ్మా. అవి గుడ్డకూ గోడకూ. ఆరితే ప్లాస్టిక్ పొర మాదిరి బిగుసుకుంటాయి, పీకితే పసిచర్మం కూడా లేస్తుంది. ముక్కుకు, మీసాలకు మాత్రం ముఖానికి వేసే రంగు కొని, మిగతా పులిని పసుపు చొక్కా మీద గీయండి. ఆ అక్రిలిక్ అక్కడ పనికొస్తుంది.