60 హెర్ట్జ్‌ను పెంచగలమా?

సందేహం: నేను చెన్నైలో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పాత పుల్‌టెక్ ఈక్యూపీ-1ఏ నమూనాను అనుసరించి ఇంట్లోనే ఒక వాల్వు ఈక్వలైజరును, అంటే ధ్వనిలో బేస్, ట్రెబుల్ వంటి భాగాల బలాన్ని వేరువేరుగా మార్చే పరికరాన్ని, తయారు చేసుకున్నాను. ఆ విధానాన్ని తెలుగులో రాస్తూ, ‘ఈ నిష్క్రియ సమీకరణితో 60 హెర్ట్జ్ పౌనఃపున్యాన్ని పెంచి తగ్గించవచ్చు’ అన్నాను. అది చదివిన మిత్రుడు ‘పెంచి మళ్లీ తగ్గించడమెందుకు?’ అని నవ్వాడు. ఈక్వలైజరుకు సరైన తెలుగు మాట ఏది? నా వాక్యంలో తప్పు ఎక్కడ ఉంది? బేస్, ట్రెబుల్ అనడానికి బదులు మంద్రం, తారం అనవచ్చునా?
– ఒక పాఠకుడు, సాలిగ్రామం, చెన్నై

సమాధానం: మీ మిత్రుడు నవ్వినా, అడిగినది మాత్రం సరైన ప్రశ్న. మీరు శ్రమపడి నామవాచకాలకు తెలుగు వెతికారు గానీ, ఆ వాక్యంలో చిక్కంతా క్రియల దగ్గర ఉంది. అయినా మీరు అడిగిన వరుసలోనే వస్తాను.

‘సమీకరణి’ వ్యాకరణరీత్యా నిర్దుష్టమైన మాట. సంస్కృతంలో ‘సమ’ శబ్దానికి కృ ధాతువు చేరినప్పుడు నడుమ ఈకారం రావడాన్ని చ్వి ప్రత్యయ కార్యమంటారు. దాని అర్థం అభూత తద్భావం, అంటే అంతకుముందు సమంగా లేనిదాన్ని సమంగా చేయడం. ఈక్వలైజరు పుట్టుకకు ఇది అచ్చంగా సరిపోతుంది కూడా. దూరపు టెలిఫోన్ తీగల మీద సన్నని ధ్వనులు లావు ధ్వనులకన్నా ఎక్కువగా నశించేవి కనుక, ఆ నష్టాన్ని సరిచేసి అన్నింటినీ సమస్థాయికి తెచ్చే సర్క్యూటుకు ఆ పేరు వచ్చింది. అయితే స్టూడియోలో మీరు చేసే పని దీనికి తలకిందులు: సమంగా వచ్చిన ధ్వనిని మీ చెవికి నచ్చినట్టు ఎగుడుదిగుడు చేయడం. ఇంగ్లీషు పేరే పనికి అతకనప్పుడు దాని అనువాదం అతకాలని పట్టుబట్టడం అనవసరం. పైగా ‘సమీకరణం’ అనగానే చదువుకున్నవాడికి గణితం గుర్తుకొస్తుంది, పత్రికలు చదివేవాడికి నిధుల సమీకరణ, భూసమీకరణ గుర్తుకొస్తాయి. ఈక్వలైజరునే ఉంచండి; ఉకారాంతం చేస్తే విభక్తులు హాయిగా చేరతాయి.

‘నిష్క్రియ’ను మాత్రం తీసేయండి. పాసివ్ అనే మాటకు పాఠ్యపుస్తకంలో అది చెల్లవచ్చు గానీ, ‘నిష్క్రియ సమీకరణి’ అని చదివినవాడు మీరు చేసిన పెట్టె పనిచేయడం లేదనుకుంటాడు. తీగచుట్టలు, కెపాసిటర్లు, రెసిస్టర్లు మాత్రమే ఉండి, ధ్వనికి సొంతంగా బలం ఇవ్వలేని భాగమని ఒకసారి వివరించి, ఆపైన ‘పాసివ్’ అనే రాయవచ్చు. ఇక మీరు ఉత్తరంలో ‘వాల్వు’ అన్నారు, సంతోషం. ‘ట్యూబు’ అంటే మనకు సైకిలు ట్యూబో ట్యూబులైటో తోస్తుంది. వాల్వు రేడియోలతో పెరిగిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. తీగచుట్టకు ‘ప్రేరకం’ సరైన శాస్త్రపదమే అయినా, చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ దుకాణంలో ప్రేరకం కావాలని అడిగి చూడండి. కాయిల్ అంటే అరవంవాడికైనా తెలుగువాడికైనా వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘60 హెర్ట్జ్ పౌనఃపున్యాన్ని పెంచవచ్చు’ అన్నారు. దిగు–దించు, మునుగు–ముంచు, వంగు–వంచు అన్న జంటల్లాగే పెరుగు–పెంచు కూడా ఒక జంట. మొదటిది అకర్మకం, రెండవది దానికి ప్రేరణార్థకం. కనుక ‘పెంచు’ అని రాసినప్పుడల్లా దాన్ని వెనక్కి ‘పెరుగు’గా మార్చి, పెరిగినది ఏది అని అడిగి చూడాలి. పౌనఃపున్యమంటే ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క. 60 హెర్ట్జ్ పౌనఃపున్యం పెరిగితే 61 అవుతుంది, 70 అవుతుంది. 120 అయితే పై స్థాయికే వెళ్లిపోతుంది. టేపును వేగంగా తిప్పినప్పుడు గొంతు సన్నబడుతుందే, అదీ పౌనఃపున్యాన్ని పెంచడమంటే. మీ ఈక్వలైజరు ఆ పని చేయదు. 60 హెర్ట్జ్‌ను 60గానే ఉంచి, అక్కడి ధ్వని బలాన్ని పెంచుతుంది. పెరిగేది బలం, పౌనఃపున్యం కేవలం చోటు. కర్మగా నిలబెట్టిన మాటను అధికరణంగా మార్చితే వాక్యం చక్కబడుతుంది: ‘60 హెర్ట్జ్ వద్ద ధ్వనిని పెంచవచ్చు.’

అయితే ఆ ‘వద్ద’ కూడా అన్నిచోట్లా ఒకటే పని చేయదు. 1951లో అమెరికాలో పల్స్ టెక్నిక్స్ అనే సంస్థ పుల్‌టెక్ పేరుతో ఈక్యూపీ-1ను తెచ్చింది. ఆ వరుసలో తరువాత వచ్చిన మీ నమూనాలో కింది ధ్వనులకు 20, 30, 60, 100 అనే అంకెలుంటాయి. 60 దగ్గర పెట్టి బూస్ట్ నాబ్ తిప్పితే, అక్కడా, అంతకు దిగువనా ఉన్న ధ్వని అంతా మెట్టులా లేస్తుంది. పై ధ్వనులకు 3 నుంచి 16 కిలోహెర్ట్జ్ దాకా ఏడు అంకెలున్నాయి. అక్కడ 8 దగ్గర పెడితే ఆ అంకెకు రెండు పక్కలా గుట్టలా లేస్తుంది, ఆ గుట్ట వెడల్పును మార్చడానికి వేరే నాబ్ ఉంది. కాబట్టి మొదటిదానికి ‘60 హెర్ట్జ్ వద్దా, దిగువనా’ అనీ, రెండవదానికి ‘8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల’ అనీ రాస్తే, బొమ్మ గీయకుండానే పాఠకుడికి ఆకారం తెలుస్తుంది. ఇంగ్లీషులో షెల్ఫ్, బెల్ అని రెండు నామవాచకాలు పెట్టుకుని చెప్పిన భేదాన్ని మన భాష రెండు చిన్న మాటలతో చెప్పగలదు.

మీ మిత్రుడు నవ్వినది ‘పెంచి తగ్గించవచ్చు’ అన్నందుకు. ‘పెంచి’ క్త్వార్థకం, పూర్వకాలంలో ముగిసిన పనిని చెబుతుంది. ‘కాఫీ తాగి స్టూడియోకు వెళ్లాడు’ అంటే కాఫీ ముందు, ప్రయాణం తరువాత. అదే ప్రకారం ‘పెంచి తగ్గించు’ అంటే ముందు పెంచి, ఆపైన ఆ పెంచినదాన్ని వెనక్కి తేవడమని అర్థమవుతుంది. మొదట్లో ‘ఒకేసారి’ అని చేర్చినా ఆ పోకడ పోదు. ‘పెంచుతూ తగ్గించు’ అని శత్రర్థకం వాడితే, చేతులు రెండూ ఆగకుండా నాబ్‌లను తిప్పుతున్నట్టుంటుంది. ఈ యంత్రంలో జరిగేది ఆ రెండూ కాదు. పెంచే బూస్ట్ నాబ్ వేరు, తగ్గించే అటెన్ నాబ్ వేరు. ఒకదాని వంపు మరొకదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండదు. రెండింటినీ తిప్పి అలాగే వదిలేస్తే ఒకటి మరొకదాన్ని రద్దు చేయదు: అడుగు ధ్వని లేస్తుంది, దానికి కాస్త ఎగువన ఒక పల్లం పడుతుంది. పాత తరం ఇంజనీర్లు ఈ పెట్టెను ప్రేమించడానికి సగం కారణం అదే కదా! కనుక ‘ఉంచు’ను సహాయం తెచ్చుకోండి: ‘బూస్ట్, అటెన్ నాబ్‌లు రెండింటినీ ఒకే వేళ తిప్పి ఉంచవచ్చు, అప్పుడు 60 హెర్ట్జ్‌కు దిగువన ధ్వని పెరుగుతుంది, కాస్త ఎగువన తగ్గుతుంది.’ కర్తలు వేరైనప్పుడు క్రియలను కూడా విడదీయడం మంచిది.

ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది. పాసివ్ భాగం దేన్నీ నిజంగా పెంచలేదు. అది మొత్తం ధ్వనిని ముందుగానే తగ్గించి పెట్టుకుంటుంది. మీరు బూస్ట్ తిప్పినప్పుడు ఆ చోట మాత్రం తక్కువగా తగ్గనిస్తుంది. పోయిన బలాన్ని వెనక వాల్వుల ఆంప్లిఫయరు తిరిగి ఇస్తుంది. తయారీ విధానం చెప్పే అధ్యాయంలో ‘తక్కువగా తగ్గనిస్తుంది’ అనే రాయండి, సర్క్యూటు అర్థమవుతుంది. వాడే విధానం చెప్పేచోట ‘పెంచు’ చాలు, వినేవాడి చెవికి పెరిగినట్టే ఉంటుంది.

మంద్రం, తారం వద్దనే నా సలహా. అవి స్వరస్థాయిల పేర్లు. తంబురాలో మంద్ర షడ్జం తంతిని మీటి చూడండి; చెవి పెట్టి వింటే అందులోనే పైన అంతర గాంధారం పలుకుతుంది. ఒక్క మంద్ర స్వరంలోనే పై పౌనఃపున్యాలు అనేకం ఇమిడి ఉంటాయి కనుక, ‘మంద్రాన్ని తగ్గించండి’ అంటే సంగీతం తెలిసినవాడు పాడేవాణ్ణి పై స్థాయికి వెళ్లమంటున్నారనుకుంటాడు. బేస్, ట్రెబుల్ ఇప్పటికే ఇంటింటా ఉన్న మాటలు. ధ్వని గుణం వర్ణించేటప్పుడు మాత్రం గుమ్ముగా, కీచుగా, బొంగురుగా వంటి మన మాటలను దండిగా వాడుకోండి, వాటికి సాటి ఇంగ్లీషులో దొరకడం కష్టం.

పౌనఃపున్యంలో విసర్గను వదలకండి. పునఃపునః అన్నదాని మీద ఏర్పడిన భావవాచకమది; అంతఃపురంలో లాగే పకారానికి ముందు విసర్గ నిలుస్తుంది. ‘పౌనఃపుణ్యం’ అని అచ్చులో కనబడుతుంటుంది, పుణ్యానికీ దీనికీ సంబంధం లేదు. పాత పెట్టె మీద సీపీఎస్, కేసీఎస్ అని ఉన్నవి సెకనుకు సైకిళ్లు, కిలోసైకిళ్లు. హెర్ట్జ్, కిలోహెర్ట్జ్ అని మార్చుకోవచ్చు, విలువ మారదు. ‘స్వయంకృత ఈక్వలైజరు’ అని శీర్షిక పెట్టాలనుకుంటున్నట్టు ఉత్తరం అడుగున రాశారు. ఆ మాట వెంట అపరాధం రావడం మన అలవాటు. ‘ఇంట్లో చేసుకున్న ఈక్వలైజరు’ అనండి, ‘కొను’ అన్న అనుబంధ క్రియలోనే సొంతానికి, సొంత చేతులతో అన్న భావమంతా ఉంది.

మీరు జతపరచిన కాగితంలో మరొక వాక్యాన్ని తప్పక మార్చాలి: ‘ప్లగ్గు తీసి లోపలి కెపాసిటర్లను ముట్టుకోవద్దు.’ ఇందులో ‘వద్దు’ ముట్టుకోవడానికి మాత్రమే వర్తిస్తుందా, ప్లగ్గు తీయడానికి కూడానా అన్నది తేలదు. ప్లగ్గు తీయకపోతే ముట్టుకోవచ్చుననే అర్థం కూడా లాగవచ్చు. వాల్వుల సర్క్యూటులో వందల వోల్టులుంటాయి, కరెంటు ఆపిన తరువాత కూడా కెపాసిటర్లు దాన్ని కొంతసేపు పట్టి ఉంచుతాయి. ఇలా రాయండి: ‘ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు పెట్టె మూత తెరవవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా, కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తును రెసిస్టరు ద్వారా పోనిచ్చి, మీటరుతో చూసి, వోల్టేజి లేదని తేలాకనే వాటిని ముట్టుకోండి.’