ఎక్స్‌రే బాగానే ఉంది, మెడ మాత్రం తిరగడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి సూర్యాపేట వస్తుండగా, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వరుసలో ఆగి ఉన్న మా కారును వెనుక నుంచి మరో కారు గుద్దింది. బంపరు నొక్కుకుపోవడం తప్ప కారుకు పెద్ద నష్టం జరగలేదు. అందరం మామూలుగానే దిగి నడిచాం, అవతలివారితో మాట్లాడుకుని ఇంటికి వచ్చేశాం. ఆ రాత్రి నేను బాగానే నిద్రపోయాను. మర్నాడు లేచేసరికి మెడ పట్టేసి ఎడమవైపు తిప్పలేకపోయాను. మధ్యాహ్నానికి తల వెనుక నొప్పి మొదలై కణతల వరకూ పాకింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముకలు బాగున్నాయని, మెడ వంపు కొంత తగ్గిందని రాశారు. అన్నీ బాగుంటే ఈ నొప్పి ఎక్కడిది? అంత చిన్న దెబ్బకు ఇంత నొప్పా అని మావారు అనుమానంగా చూస్తున్నారు. నా వయసు 36. వెనుక సీట్లో కూర్చున్న మా అత్తగారికి 68 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. తనకేమీ కాలేదని ఆమె అంటున్నారు. ఏ లక్షణాలు కనిపిస్తే మేము భయపడాలి?
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే, మీ అత్తగారిని వెంటనే డాక్టరుకు చూపించమని మీకు విడిగా కబురు పంపాం. అలా ఎందుకు తొందరపెట్టవలసి వచ్చిందో ఇతర పాఠకుల కోసం తరువాత వివరిస్తాను. ముందు మీ మెడ సంగతి చూద్దాం.

మీరు వర్ణించిన బాధను విప్‌లాష్ అంటారు. విప్‌లాష్ అంటే కొరడా ఝళిపింపు. కొరడాను విసిరినప్పుడు పిడి ముందు కదులుతుంది, కొస వెనుకబడి ఆ తరువాత విసురుగా వస్తుంది. 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికా ఎముకల వైద్యుడు ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. తాను మెడ కదలికను వర్ణించడానికి వాడిన మాటను అందరూ జబ్బు పేరుగా తీసుకున్నారని ఆయనే తరువాతి కాలంలో నొచ్చుకున్నారు. ఆయన బాధ సమంజసమే, ఎందుకంటే ఆ ఒక్క పేరు కింద చిన్న కండరాల బెణుకు నుంచి నరం నొక్కుకుపోవడం దాకా చాలా రకాల గాయాలు ఇమిడిపోతాయి.

ఆగి ఉన్న కారును వెనుక నుంచి గుద్దినప్పుడు సీటు మీ వీపును ముందుకు నెడుతుంది, కానీ తల ఉన్నచోటే ఉండిపోతుంది. దాంతో సెకనులో పదో వంతు సమయంలోనే మెడ కింది భాగం వెనక్కీ, పై భాగం ముందుకూ వంగి, మెడ మెలికలు తిరిగిన పాములాంటి ఆకారం తీసుకుంటుంది. దెబ్బ తగలబోతోందని తెలిస్తే కండరాలు కొంతైనా బిగుసుకుని మెడను కాచుకునేవి. టోల్‌గేటు దగ్గర ఫోను చూసుకుంటూనో, వెనక్కి తిరిగి పిల్లలతో మాట్లాడుతూనో ఉన్నవారికి ఆ అవకాశం కూడా దక్కదు. ఈ మెలికలో దెబ్బతినేవి ప్రధానంగా మెడ పూసల వెనుక ఉండే చిన్న కీళ్లు, వాటి చుట్టూ ఉండే పొరలు, పూసలను కట్టి ఉంచే పట్టీల వంటి కణజాలం, కండరాలు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయే తప్ప ఇవి కనిపించవు. కాబట్టి మీ ఎక్స్‌రే బాగుండడమూ నిజమే, మీ నొప్పీ నిజమే. వంపు తగ్గిందన్న మాట చదివి కంగారు పడకండి. కండరాలు బిగుసుకున్నప్పుడు, ఒక్కోసారి ఎక్స్‌రే తీసేటప్పుడు నిలబడిన తీరును బట్టి కూడా అలా కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివారిలోనూ కనిపిస్తుంది.

మీవారి అనుమానానికి కూడా ఒక మాట చెప్పాలి. కారుకు జరిగిన నష్టాన్ని చూసి లోపల కూర్చున్నవారి మెడకు ఎంత దెబ్బ తగిలిందో అంచనా వేయడం కుదరదు. రేకు నొక్కుకుపోయినప్పుడు దెబ్బలో కొంత భాగాన్ని ఆ రేకే మింగుతుంది, అది పెద్దగా నొక్కుకుపోకపోతే ఆ భాగం కూడా లోపలివారికే చేరవచ్చు.

ఇక ఆ రాత్రి బాగానే ఉండి మర్నాడు నొప్పి రావడం ఈ గాయానికి అరుదైన సంగతి కాదు. ప్రమాదం జరిగిన కాసేపటి వరకు కంగారులో శరీరానికి నొప్పి సరిగా తెలియదు. దెబ్బతిన్న చోట వాపు, కండరాల బిగువు గంటలు గడిచేకొద్దీ పెరుగుతాయి. చాలామందిలో 24 గంటల లోపల, కొందరిలో రెండు మూడు రోజులకు లక్షణాలు బయటపడతాయి. రోడ్డు మీద ‘మాకేం కాలేదు’ అని చెప్పుకున్న మాటకు అందువల్ల వైద్యపరంగా పెద్ద విలువ లేదు. మెడ నొప్పి, మెడ తిప్పలేకపోవడం, తల వెనుక మొదలై ముందుకు పాకే తలనొప్పి, భుజాల్లోనూ వీపు మీద రెక్కల మధ్యా నొప్పి అందరూ సులభంగా గుర్తుపట్టే లక్షణాలు. గుర్తుపట్టనివి వేరే ఉన్నాయి: తల తిరిగినట్టుండడం, చెవిలో హోరు, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు కాస్త మసకబారడం, నిద్ర చెడిపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, చీటికీ మాటికీ విసుగు. వీటికి బీపీ అనీ, పని ఒత్తిడి అనీ కారణాలు వెతుక్కుంటూ వచ్చేవారు వారం కిందట జరిగిన ప్రమాదం సంగతి డాక్టరుకు చెప్పడమే మరిచిపోతారు. దయచేసి ఆ సంగతి ముందు చెప్పండి.

1995లో కెనడాలోని క్విబెక్ నిపుణుల బృందం ఈ గాయాన్ని తీవ్రతను బట్టి మెట్లుగా విభజించింది. నొప్పి, బిగువు మాత్రమే ఉంటే మొదటి మెట్టు. పరీక్షలో మెడ కదలిక తగ్గినట్టు, నొక్కితే నొప్పి ఉన్నట్టు తేలితే రెండోది. చేతుల్లో బలం, స్పర్శ తగ్గితే మూడోది. ఎముక విరిగినా, కీలు తప్పినా నాలుగోది. ఉత్తరాన్ని బట్టి మీరు రెండో మెట్టులో ఉన్నారనిపిస్తోంది.

భయపడవలసిన లక్షణాలు ఏవని అడిగారు. చేతికి గానీ కాలికి గానీ బలం తగ్గడం, చేతులు తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టుండడం, నడకలో తూలడం, చొక్కా గుండీ పెట్టుకోవడం వంటి చిన్న పనులకు వేళ్లు సహకరించకపోవడం, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం వెన్నుపాముకో నరానికో ఒత్తిడి తగులుతోందనడానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. మెడ వెనుక సరిగ్గా మధ్యలో, పూస మీద నొక్కితే భరించలేని నొప్పి ఉంటే మెడను ఏ వైపూ తిప్పకుండా, రోగిని కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంకొకటి అరుదైనదే అయినా తెలిసి ఉండాలి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగితే కొన్ని గంటలకో, కొన్ని రోజులకో పక్షవాతం రావచ్చు. మునుపెన్నడూ ఎరగనంత నొప్పి మెడకో తలకో ఒకే పక్కన రావడం, ఒక కనురెప్ప వాలిపోవడం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం దాని హెచ్చరికలు. సీటు బెల్టు ఒత్తుకున్నచోట పొట్ట కమిలిపోయి నొప్పి పెడుతున్నా, ఊపిరి తీస్తుంటే ఛాతీలో నొప్పి వస్తున్నా మెడ గొడవలో పడి దాన్ని నిర్లక్ష్యం చేయకూడదు.

ఇక మీ అత్తగారు. ‘నాకేంటమ్మా, రాయిలా ఉన్నాను’ అనడం మన ఇళ్లలో పెద్దవారికి అలవాటు. పిల్లలకు ఖర్చు, శ్రమ తగ్గించాలన్నది వారి ఆలోచన. 65 దాటినవారికి ఎముకలు పెళుసుబారి ఉంటాయి కనుక చిన్న కుదుపుకే మెడ పూస చిట్లవచ్చు. మెడకు ఎక్స్‌రే అవసరమా కాదా అని తేల్చుకోవడానికి 2001 నుంచి వైద్యులు అనుసరిస్తున్న కెనడా నియమంలో 65 ఏళ్ల వయసు ఒక్కటే పరీక్ష చేయించడానికి చాలిన కారణం. ఆ పైన ఆమె రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. కుదుపుకి తల కిటికీకో ముందు సీటుకో తగిలి ఉంటే, పైకి బొప్పి కూడా లేకుండా మెదడు మీద నెమ్మదిగా రక్తం చేరవచ్చు. పెద్దవారిలో ఇది కొన్ని వారాల తరువాత బయటపడడమూ ఉంది. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, పగటిపూట మగత, మాటల్లో తికమక, నడకలో తేడా కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు. అయితే భయపడి ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. స్టెంట్ ఉన్నవారు మాత్రలు హఠాత్తుగా మానేస్తే అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. మందుల షాపులో నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కూడా ఆమెకు ఇవ్వకూడదు. ఆ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

మీకు మాత్రం మంచం మీద విశ్రాంతి కన్నా మెల్లని కదలిక మేలు. పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుని, నొప్పి భరించగలిగినంత వరకే మెడను కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ రోజుకు నాలుగైదుసార్లు నిదానంగా కదపండి. మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐసు, తరువాత వేడి కాపడం హాయినిస్తాయి. భుజం మీదుగా వెనక్కి చూడగలిగే వరకు కారు నడపవద్దు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి మూడు నెలలు దాటినా మిగులుతుంది. మొదటి వారంలో నొప్పి మరీ తీవ్రంగా ఉన్నవారికి, నిద్రపట్టనివారికి, కదిపితే ఏమవుతుందోనని మెడను రాయిలా బిగించి ఉంచేవారికి ఆ అవకాశం ఎక్కువ. నాలుగు వారాలకూ గుణం కనిపించకపోతే ఫిజియోథెరపీకి వెళ్లండి.

ప్రశ్న: ఆటో బోల్తా పడినప్పటి నుంచి మెడ నొప్పి. మెడకు కాలర్ కొనుక్కుని పది రోజులుగా రాత్రీ పగలూ పెట్టుకుంటున్నాను. సెలూన్‌లో ఒకసారి మెడ విరిపించుకుంటే సర్దుకుంటుందని స్నేహితులు అంటున్నారు. వెళ్లవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెళ్లవద్దు. ఏ గాయమూ లేని మెడను కూడా అలా ఒక్క విసురుతో తిప్పించుకోవడం నాకు నచ్చదు. దెబ్బతిన్న మెడను విరిస్తే పైన చెప్పిన రక్తనాళం చిరగవచ్చు, కనిపించకుండా చిట్లిన పూస కదిలిపోవచ్చు. కట్టు కట్టేవారి దగ్గర మెడ లాగించుకోవడానికీ ఇదే జవాబు. పైపైన బామ్ రాసుకుంటే తప్పులేదు.

వాహనం బోల్తా పడడం మీ ముందున్న పాఠకురాలికి జరిగిన దానికన్నా ప్రమాదకరమైన సంఘటన. మీరు ఇంతవరకు ఎక్స్‌రే తీయించుకున్నట్టు రాయలేదు కాబట్టి, అది తీసి డాక్టరు చూసే వరకు కాలర్ ఉంచుకోండి. ఎముకలో దోషం లేదని తేలితే ఆ రోజు నుంచే దాన్ని తీసేయడం మొదలుపెట్టండి, ఎందుకంటే వారాల తరబడి కాలర్ మీద ఆధారపడితే మెడ కండరాలు నీరసించి బిగువు మరింత ముదురుతుంది.

ప్రశ్న: నేను విజయవాడలో ట్యాక్సీ నడుపుతాను. సీటు మీద ఉండే హెడ్‌రెస్ట్ తల ఆనించుకోవడానికే కదా? వెనుక కూర్చున్నవారికి ముందు కనబడడం లేదని కిందికి దించేశాను.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దాని పేరు వల్లే ఈ పొరపాటు జరుగుతోంది. అది విశ్రాంతి కోసం పెట్టింది కాదు, వెనుక నుంచి దెబ్బ తగిలినప్పుడు తల వెనక్కి విరగకుండా ఆపడానికి పెట్టింది; అమెరికాలో 1969 నుంచే కొత్త కార్ల ముందు సీట్లకు తప్పనిసరి చేశారు. బాగా కిందికి దించితే అది మెడ వెనుక ఒక గుంజలా మారి, తల దాని మీదుగా వెనక్కి వంగిపోతుంది. దాని పై అంచు మీ తల పై భాగంతో సమానంగా, కనీసం చెవుల పై కొనకు తగ్గకుండా ఉండాలి. తలకూ దానికీ మధ్య ఎడం వీలైనంత తక్కువగా, నాలుగు వేళ్లకు మించకుండా ఉండాలి. సీటును బాగా వెనక్కి వాల్చి నడిపితే ఈ ఎడం పెరిగిపోతుంది. వెనుక సీటు మధ్యలో చాలా కార్లకు హెడ్‌రెస్టే ఉండదు. అక్కడ పెద్దవారిని కూర్చోబెట్టకండి.