నేలలోని లోపం మనిషి శరీరంలో ఎలా బయటపడుతుంది?

వ్యవసాయ పద్ధతులకూ తినేవారి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం ఉందా అన్నది ప్రశ్న. ఉంది, అయితే అన్ని పోషకాల విషయంలోనూ అది ఒకే తీరుగా లేదు.

పిండిపదార్థాలను, చాలా విటమిన్లను మొక్క తానే తయారుచేసుకుంటుంది గానీ, జింకు, సెలీనియం, అయోడిన్ వంటి ఖనిజ మూలకాలను ప్రధానంగా నేల నుంచే తీసుకోవాలి కాబట్టి, నేలలో అవి కొరవడితే గింజలోనూ, వేరే ఆహారం దొరకనివారి శరీరంలోనూ కొరవడతాయి. ఇందుకు సెలీనియం చాలా స్పష్టమైన ఉదాహరణ. చైనాలోని కెషాన్‌లో 1935లో గుర్తించిన గుండెకండరాల జబ్బుకు, అక్కడి నేలల్లో ఈ మూలకం బాగా తక్కువగా ఉండటం ఒక ముఖ్య కారణమని తరువాత తేలింది. ఫిన్లండ్ ఇలాంటి లోపాన్ని పొలంలోనే సరిదిద్దింది: 1980ల మధ్య నుంచి ఎరువుల్లో సెలీనియం కలపడంతో ధాన్యంలో, పాలలో, మాంసంలో, చివరకు ప్రజల రక్తంలో కూడా దాని మోతాదు పెరిగింది. ఎవరూ తిండి అలవాట్లు మార్చుకోనవసరం లేదు కనుక, మాత్రలు పంచడం కన్నా ఇదే తెలివైన మార్గమని నా అభిప్రాయం.

జింకు సంగతి కొంత చిక్కైనది. సున్నం ఎక్కువగా ఉన్న క్షార నేలల్లో జింకు ఉన్నా వేళ్లకు సరిగా అందదు. భాస్వరం ఎరువు అతిగా వేస్తే ఆ ఇబ్బంది మరింత పెరుగుతుంది. పైగా గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్ అనే పదార్థం జింకును పేగుల్లో సరిగా ఇంకనివ్వదు గనుక, ధాన్యం మీదే ఆధారపడినవారు రెండు విధాలా నష్టపోతారు. జింకు ద్రావణాన్ని పైరు ఆకులపై పిచికారీ చేస్తే గింజలో అది పెరుగుతుంది. ఇనుము విషయంలో ఈ ఉపాయం అంతగా ఫలించదు. అక్కడ ఇనుము ఎక్కువగా ఉండే వంగడాలను రూపొందించడమే మేలు.