కొండ దిగిన బుట్టకు ఆ పూటే డబ్బు

చిరంజీవి చిట్టికి అత్తయ్య ఆశీస్సులు.

విశాఖలో ఉద్యోగం మానేసి ఒడిశాలోని గుణుపురంలో హోటలు పెడుతున్నావని, చుట్టుపక్కల కొండల్లో పండినదే వండి వడ్డిస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్లకు ఎంత ధైర్యమని పొంగిపోయాను. ఆ ఊళ్లో హోటలు నడపడమంటే ఏమిటో తెలిసినదాన్ని కాబట్టి రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ముందే చేయించు. ఇంటి గ్యాసు వాడకు, 19 కిలోల సిలిండరు తెచ్చుకో. తాగే నీళ్లు మరగకాచు. ఇవి నీకు తెలియనివి కావు.

నేను చెప్పాల్సింది సంత గురించి. మీ మామయ్య అక్కడి బజారులో హోటలు నడిపిన రోజుల్లో పుట్టాసింగ్ కొండల నుంచి సవర గిరిజన ఆడవాళ్లు కందులు, చోళ్లు (రాగులు), పసుపు బుట్టల్లో మోసుకొచ్చేవారు. ఊరి మొదట్లోనే దళారులు కాచుకుని, బుట్ట దించకముందే చెయ్యి వేసి లాగేవారు. అడ్డ అనే కొలపాత్ర మీద కుప్పగా పోయించుకుని, అంచు వరకే పోసినట్టు లెక్క కట్టేవారు. మీ మామయ్య అలాంటి మనిషి కాదు. సరిగ్గా కొలిచేవాడు, ధర కూడా కాస్త ఎక్కువే చెప్పేవాడు. డబ్బు మాత్రం వచ్చే సంతకు ఇస్తాననేవాడు. హోటల్లో ఖాతా బాకీలు వసూలు కాలేదని ఆయన ఇబ్బంది. మాట తప్పకుండా మరుసటి వారం ఇచ్చేవాడు కూడా. అయితే ఆ ఆడవాళ్లు ఆ డబ్బుతోనే ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని పొద్దు వాలకముందు కొండ ఎక్కాలి. చేతిలో పైసా లేకపోతే షావుకారు దగ్గర అప్పు చేయాలి. ఆ అప్పు కింద ఇంకా కోతకు రాని కందిపంట ముందే అతని పాలయ్యేది. మా ఇంట్లో వారం ఆలస్యం, వాళ్ల ఇంట్లో ఏడాది పంట! ఎవరూ మా గుమ్మం ముందు గొడవ పడలేదు. ఒక్కొక్కరే దారి మార్చుకున్నారు. చివరికి ఆయన టోకు కొట్లో పాలిష్ పట్టిన కందిపప్పు ఎక్కువ ధరకు కొనుక్కొచ్చాడు. పప్పులో ఆ వాసన లేదని తినేవాళ్లు మొహం మీదే చెప్పారు.

అందుకని తల్లీ, కుర్చీలకూ గోడల రంగులకూ ఖర్చు పెట్టకముందే నాలుగు సంతల సరుకుకు సరిపడా నగదు విడిగా తీసిపెట్టు. ఫోనులో వేస్తానని అనకు, అందరి దగ్గరా ఫోను ఉండదు. ధర సవర భాషలో చెప్పడం నేర్చుకో. ఒకప్పుడు మన పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. నీకు అంకెలైనా రాకపోతే ఎలా?

వంటల పట్టిక అచ్చు వేయించకు. సంతలో ఏది దిగితే అదే ఆ వారం వంట. కాలేజీ పిల్లలు నూడుల్స్ అడిగితే విసుక్కోకు, సామబియ్యం పులిహోర పెట్టి చూడు.

వానాకాలమంటేనే నాకు హడలు. పుట్టగొడుగులు ఎవరు కోసుకొచ్చారో తెలియకపోతే, ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకు. ఉడికితే విషం పోతుందనే మాట నమ్మకు, కొన్ని రకాల్లో పోదు. వెదురు కొమ్ములు, అదే లేత మొలకలు, సన్నగా తరిగి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఈ రెండు పనులూ వంటవాళ్లకు వదిలేశావో, నేను ఊరుకోను. అందరికీ పెట్టి నువ్వు సాయంత్రం నాలుగింటికి తిన్నావని తెలిసినా ఊరుకోను. చిన్నప్పటి నుంచీ ఆకలి వేస్తే చెప్పని పిల్లవి నువ్వు.

మొదటి సంతకు నేనూ వస్తాను. పర్లాకిమిడి నుంచి ఎంత దూరం గనుక! కొలత నువ్వు చూసుకో, డబ్బు నేను లెక్కపెట్టి ఇస్తాను. ఏ వారమో వెంటనే చెప్పు.

మీ అత్తయ్య