డాక్టర్ సలహా: క్లోమంలో తిత్తి ఉందన్నారు... ఎండోస్కోపీయా, ఆపరేషనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలమనేరు. మా అమ్మకు 61 ఏళ్లు. కడుపు ఉబ్బరమని తిరుపతిలో స్కానింగ్ చేయిస్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. సీటీలో ప్యాంక్రియాస్ (క్లోమం) తల భాగంలో 2.2 సెంటీమీటర్ల తిత్తి కూడా కనిపించింది. ‘సైడ్ బ్రాంచ్ ఐపీఎంఎన్ కావచ్చు, క్యాన్సర్‌కు ముందు దశ’ అని చెప్పి, ఈయూఎస్ అనే ఎండోస్కోపీ రాశారు. ఇంకో డాక్టర్ నేరుగా ఆపరేషన్ చేయించమన్నారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మా మేనమామ అడ్డుపడుతున్నాడు. ఎండోస్కోపీతోనే తిత్తిని కాల్చేయొచ్చని యూట్యూబ్‌లో చూశాను. రాళ్ల ఆపరేషన్‌కు వచ్చే నెల రమ్మన్నారు. అమ్మకు నాలుగు నెలల కిందట షుగర్ కూడా వచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు: షుగర్ సంగతి మీరు చివర్లో రాశారు కానీ నా కన్ను ముందు దానిమీదే పడింది. ఈ వయసులో షుగర్ రావడం ఇంటింటా ఉన్నదే, చాలామందిలో దానికి క్లోమంలోని తిత్తితో సంబంధం ఉండదు. అయితే ఇలాంటి తిత్తి ఉన్నవాళ్లకు ఏడాదిలోపు కొత్తగా షుగర్ వస్తే దాన్ని హెచ్చరికగా లెక్కలోకి తీసుకోవాలని ఇలాంటి తిత్తుల వైద్యంపై 2024లో వచ్చిన అంతర్జాతీయ క్యోటో మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే ఈయూఎస్ రాసిన డాక్టర్ మాటే నా మాట కూడా. ఆపరేషన్ ఊసు ఇప్పుడే వద్దు.

‘క్యాన్సర్‌కు ముందు దశ’ అనగానే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆ మాటకు అర్థం, ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉందని మాత్రమే. క్లోమంలో జీర్ణరసం ప్రవహించే ఒక పెద్ద గొట్టం, దానిలో కలిసే సన్న పాయలు ఉంటాయి. లోపలి పొరలో జిగురు ఊరే కణాలు పెరిగి, ఆ గొట్టం ఉబ్బడమే ఐపీఎంఎన్. పెద్ద గొట్టంలో వస్తే ప్రమాదం ఎక్కువ. సన్న పాయలో (అదే సైడ్ బ్రాంచ్) వచ్చినవాటిలో చాలావరకు జీవితాంతం అలాగే ఉండిపోతాయి. పైగా మీ అమ్మగారిది ఐపీఎంఎన్ అని ఇంకా తేలలేదు కూడా. క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదైన, పలుచని నీరుండే సీరస్ తిత్తి కావచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నాయి కాబట్టి ఎప్పుడైనా క్లోమం వాచి, ఆ తర్వాత నీరు చేరి ఉండొచ్చు. గతంలో వీపులోకి పాకేంత కడుపు నొప్పితో ఆసుపత్రిలో చేరారేమో అమ్మను అడిగి డాక్టర్‌కు చెప్పండి.

ఈయూఎస్ అంటే గ్యాస్ట్రిక్ ట్రబుల్‌కు చేసే మామూలు ఎండోస్కోపీ కాదు. గొట్టం నోట్లోంచే వెళ్తుంది, కానీ దాని కొసన చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంటుంది. క్లోమం సరిగ్గా జీర్ణాశయం వెనకే ఉంటుంది, దాని తల చిన్నపేగు మొదటి మలుపులో ఒదిగి ఉంటుంది. పొట్టమీద పెట్టి చూసే స్కానింగ్‌కు కొవ్వు, గ్యాస్ అడ్డం. లోపలి నుంచి చూస్తే ఆ అడ్డు ఉండదు, మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది.

మేం అక్కడ ముఖ్యంగా వెతికేది తిత్తి గోడకు అంటుకున్న గడ్డలాంటి పెరుగుదల కోసం. చిక్కేమిటంటే జిగురు ముద్దకట్టినా అచ్చం అలాగే కనిపిస్తుంది. మనిషిని కాస్త పక్కకు తిప్పితే జిగురు ముద్ద కదలొచ్చు, పెరుగుదల కదలదు. ఇంకా అనుమానంగా ఉంటే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఇస్తాం. రక్తప్రసరణ ఉన్న పెరుగుదల తెరమీద మెరుస్తుంది, జిగురు నల్లగానే ఉండిపోతుంది. మెరిసేది 5 మిల్లీమీటర్లో, అంతకు మించో ఉన్నా, పెద్ద గొట్టం 10 మిల్లీమీటర్లకు చేరినా, కామెర్లు వచ్చినా అప్పుడు సర్జన్‌తో మాట్లాడాల్సిందే. తిత్తి సైజు ఒక్కటే చూసి ఆపరేషన్‌కు తొందరపడటం నాకు నచ్చదు. క్లోమం తల భాగానికి చేసే విపుల్ ఆపరేషన్ చిన్నదేం కాదు.

సూది సంగతి. ఈయూఎస్ చేసిన ప్రతిసారీ సూది గుచ్చరు. చూడగానే విషయం తేలిపోతే అక్కర్లేదు. వైద్యం మారే పరిస్థితి ఉంటేనే నీరు తీస్తారు. తీసిన చుక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి లాగితే, జిగురు రకమైతే తరిగిన బెండకాయలా తీగ సాగుతుంది. ల్యాబ్‌లో ఆ నీటిలో గ్లూకోజు, సీఈఏ అనే ప్రోటీన్, అమైలేజ్ అనే జీర్ణ ఎంజైమ్ చూస్తారు. గ్లూకోజు డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే జిగురు రకమని అనుమానిస్తాం. చవకైన పరీక్ష, కానీ రాయడం మరచిపోయేవాళ్లున్నారు, గుర్తుచేయండి. సీఈఏ ఎక్కువ వస్తే కంగారు పడొద్దు. అది తిత్తి ఏ రకమో చెబుతుందే గానీ క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు.

మీ మేనమామగారి భయం ఊరికే పుట్టింది కాదు. సూది దారిలో కణాలు పాకిన సందర్భాలు ఉన్నాయి, కానీ చాలా అరుదు. తల భాగంలోని తిత్తికి చిన్నపేగులోంచి సూది వేస్తారు. రేపు విపుల్ అవసరమైతే పేగులోని ఆ భాగం కూడా తీసేస్తారు, సూది వెళ్లిన దారి కూడా దాంతోపాటే పోతుంది. దానికంటే, కొద్దిమందికి సూది తర్వాత క్లోమం వాయడం, రక్తం కారడం, ఇన్ఫెక్షన్ రావడం ఎక్కువ పట్టించుకోవాల్సినవి. రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని సొంతంగా ఆపొద్దు.

యూట్యూబ్‌లో మీరు చూసింది అబద్ధం కాదు. తిత్తిలోకి ఆల్కహాల్ ఎక్కించడం, రేడియోఫ్రీక్వెన్సీతో కాల్చడం కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో చేస్తున్నారు. ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ల కోసం అది. ఐపీఎంఎన్ అయితే తిత్తికీ గొట్టానికీ దారి ఉంటుంది కాబట్టి ఎక్కించిన మందు గొట్టంలోకి పోవచ్చు, పైగా ఒకచోట కాల్చినా క్లోమంలో మరోచోట పుట్టొచ్చు. మీ అమ్మగారికి నేనైతే సలహా ఇవ్వను.

ఈయూఎస్‌లో భయపడేది లేకపోతే, ఈ సైజుకు ఏడాదిపాటు ఆరు నెలలకోసారి, మార్పు లేకుంటే తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. ప్రతిసారీ గొట్టం మింగనక్కర్లేదు, ఎమ్మార్సీపీ (క్లోమం, పిత్త గొట్టాలను చూపే ఎమ్మారై స్కాన్) సరిపోతుంది. ఈ మధ్యలో కళ్లు పచ్చబడితే మాత్రం కామెర్లకు ఆకుపసరంటూ రోజులు గడపొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎండోస్కోపీ ఉన్న ప్రతిచోటా ఈయూఎస్ ఉండదు. తిరుపతికి వెళ్లినా, వేలూరుకు వెళ్లినా ముందు ఫోన్ చేసి అడగండి. సీటీ రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి. రాళ్ల ఆపరేషన్ చేసే సర్జన్‌కు ఈ తిత్తి సంగతి ఇప్పుడే చెప్పండి. జ్వరం, కుడి డొక్కలో నొప్పి లేకపోతే ఆ తేదీని ఈయూఎస్ అయ్యేదాకా వాయిదా వేయమని అడగొచ్చు. ఒకవేళ విపుల్ చేయాల్సి వస్తే పిత్తాశయాన్ని అందులోనే తీసేస్తారు, అమ్మకు రెండుసార్లు మత్తు ఇవ్వాల్సిన పని తప్పుతుంది.